మతం వదులుకుంటేనే పెళ్లి: ఒక చట్టం నూటయాభై ఏళ్ల కథ

1898 డిసెంబరు 2న మద్రాసులో ఒక పెళ్లి జరిగింది. పెళ్లికూతురికి పంతొమ్మిదేళ్లు. హైదరాబాదులో స్థిరపడిన బెంగాలీ బ్రాహ్మణ కుటుంబపు అమ్మాయి. పెళ్లికొడుకు తెలుగువాడు, బ్రాహ్మణేతరుడు, ఎడిన్‌బరోలో వైద్యం చదివి వచ్చిన డాక్టరు. దగ్గరుండి ఆ పెళ్లి జరిపించిన పెద్ద కందుకూరి వీరేశలింగం పంతులు. ఆ అమ్మాయి సరోజినీ చట్టోపాధ్యాయ. ఆ రోజు నుంచి సరోజినీ నాయుడు.

కులం వేరు, భాష వేరు. శాస్త్రోక్తంగా చేసుకుందామన్నా అలాంటి పెళ్లి రేపు కోర్టులో నిలబడుతుందన్న భరోసా ఆనాడు లేదు. అందుకే 1872 నాటి మూడో చట్టం కింద చేసుకున్నారు. జనం దాన్ని బ్రహ్మ వివాహ చట్టం అనేవారు. ఆ చట్టం కింద పెళ్లాడాలంటే వధూవరులిద్దరూ రిజిస్ట్రారు ఎదుట ఒక ప్రకటన మీద సంతకం చేయాలి. క్రైస్తవం, యూదు మతం, హిందూ మతం, ఇస్లాం, పార్సీ, బౌద్ధ, సిక్కు, జైన మతాల్లో ఏ ఒక్కదాన్నీ తాము అవలంబించడం లేదని రాసివ్వాలి. ఎనిమిది మతాల పేర్లు వరసగా చెప్పి, ఎనిమిదింటినీ కాదనాలి. అప్పుడే అది పెళ్లి.

బ్రహ్మసమాజపు ఇంట్లో పెరిగిన సరోజినికి ఆ సంతకం పెద్ద బరువు కాకపోవచ్చు. కానీ గుడికి వెళ్లే అలవాటున్నవాళ్లకి, నమాజు చేసేవాళ్లకి, ఆదివారం చర్చిలో కూర్చునేవాళ్లకి అది మామూలు సంతకం కాదు. ఇష్టపడ్డ మనిషి కావాలంటే పుట్టి పెరిగిన మతాన్ని కాగితం మీద కాదనుకోవాలి. ఈ దేశంలో మతాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం ఎప్పుడో నేర్చుకున్నాయి. దేవుడి గురించి, మోక్షం గురించి, ధ్యానం గురించి ఎంతసేపైనా మాట్లాడుకుంటాయి. మాట పెళ్లి దాకా వచ్చేసరికి ఆగిపోతుంది. ఆ ఆగిపోయిన మాటను చట్టం ఎలా, ఎంత నెమ్మదిగా ముందుకు తీసుకెళ్లిందో చెప్పడానికి ఈ ఒక్క చట్టం చరిత్ర చాలు.

కథ కలకత్తాలో మొదలవుతుంది. రామమోహన్ రాయ్ 1828లో బ్రహ్మసమాజం పెట్టాడు. విగ్రహం లేదు, ఒక్కడే దేవుడు. ఆరాధన వరకు ఇబ్బంది లేదు. ఇంట్లో పెళ్లి వచ్చినప్పుడు చిక్కు మొదలైంది. 1861లో దేవేంద్రనాథ్ ఠాకూర్ తన కూతురి పెళ్లి సాలగ్రామం, హోమం లేకుండా కొత్త పద్ధతిలో చేశాడు. మూడేళ్లకు కేశవచంద్ర సేన్ వర్గంలోని యువకులు ఇంకో అడుగు వేసి, 1864లో కులాంతర వివాహం జరిపించారు. దేవేంద్రనాథ్ అంత దూరం రాలేకపోయాడు. 1866లో సమాజం రెండుగా చీలింది. పాతవాళ్లది ఆది బ్రహ్మసమాజం, కేశవ్‌ది భారతవర్షీయ బ్రహ్మసమాజం.

ఆ చీలిన ఏడే కేశవ్ వర్గం ఒక పుస్తకం వేసింది. శ్లోకసంగ్రహం. హిందూ, యూదు, క్రైస్తవ, ఇస్లాం, పార్సీ, చైనా గ్రంథాల నుంచి ఏరిన వాక్యాలు అందులో పక్కపక్కన ఉంటాయి. ఆరాధన సభల్లో వాటిని చదివేవారు. సర్వమత సమ్మేళనాలు, సర్వమత ప్రార్థనలు మనకు ఈనాడు మామూలు. 1866లో ఒక భారతీయ సమాజం తన ప్రార్థనలోకి ఇతర మతాల గ్రంథాలను తెచ్చుకోవడం మామూలు విషయం కాదు.

ఇలా అన్ని మతాల మంచినీ కలుపుకుందామన్నవాళ్లకే తమ పెళ్లిళ్లు చెల్లుతాయా అన్న భయం పట్టుకుంది. హోమం లేదు, సప్తపది లేదు, కులం కలవలేదు. అడ్వకేట్ జనరల్‌ను అడిగితే, ఈ పెళ్లిళ్లు చట్టం ముందు నిలవవని చెప్పాడు. అంటే భార్యకు భార్య హక్కు లేదు, పిల్లలకు వారసత్వం లేదు. కేశవ్ ప్రభుత్వం దగ్గరకు వెళ్లాడు.

1868లో వైస్రాయి మండలిలో న్యాయసభ్యుడిగా ఉన్న హెన్రీ మెయిన్ ఒక బిల్లు తెచ్చాడు. అది చాలా విశాలమైన బిల్లు. క్రైస్తవులు కానివాళ్లలో ఎవరైనా తమ మత ఆచారం ప్రకారం పెళ్లి వద్దనుకుంటే ప్రభుత్వ రిజిస్ట్రారు దగ్గర చేసుకోవచ్చు. మతం వదలనక్కర్లేదు. ఆ బిల్లు ఆనాడే చట్టమై ఉంటే ఎన్నో జీవితాలు వేరేగా ఉండేవి. కానీ ప్రభుత్వం అభిప్రాయం అడిగేసరికి రాష్ట్రాల నుంచి వ్యతిరేకత వెల్లువెత్తింది. ఎవరికి వాళ్లు ఆచారం దాటిపోతే కుటుంబం ఏమవుతుంది, ఆస్తి ఏమవుతుంది, కట్టుబాటు ఏమవుతుంది అన్నవే అన్ని ఉత్తరాల్లోనూ.

మెయిన్ తరువాత వచ్చిన జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్ బిల్లును బ్రహ్మసమాజీకుల వరకే కుదించాడు. దానికి ఆది బ్రహ్మసమాజం అడ్డొచ్చింది. తాము హిందువులమేననీ, తమ పెళ్లిళ్లకు ఏ చట్టమూ అక్కర్లేదనీ, బ్రహ్మ అన్న పేరు పెట్టి తమను హిందూ సమాజం నుంచి వెలివేయొద్దనీ వాదించింది. రెండు వైపులా ఒత్తిడి. చివరికి స్టీఫెన్ ఒక దారి కనిపెట్టాడు. ఏ మతానికీ చెందనివాళ్ల కోసం ఈ చట్టం అనేశాడు. అలా అయితే ఏ మతపెద్దకూ అభ్యంతరం ఉండదు కదా. 1872 మార్చి 19న చట్టం వచ్చింది. ఎనిమిది మతాల ప్రకటన అలా పుట్టింది. అన్ని మతాలూ మనవే అన్నవాళ్లు ఏ మతమూ మాది కాదని సంతకం పెట్టాల్సి వచ్చింది. చట్టం చేతకానితనం ఇంతకన్నా స్పష్టంగా బయటపడిన చోటు ఇంకొకటి కనిపించదు.

అయినా ఆ చట్టంలో మంచి చాలా ఉంది. ఒక్క భార్యే ఉండాలంది. వధువుకు పద్నాలుగేళ్లు, వరుడికి పద్దెనిమిదేళ్లు నిండాలంది. పద్నాలుగేళ్లన్న మాట ఈనాడు వింటే మనసు కలుక్కుమంటుంది గానీ, ఎనిమిదేళ్ల పిల్లలకు మూడుముళ్లు వేస్తున్న కాలంలో అది పెద్ద తిరుగుబాటు. ఆ వయసు ఎంత ఉండాలో తేల్చడానికి కేశవ్ పేరున్న వైద్యులను అడిగి అభిప్రాయాలు తెప్పించాడు.

ఆరేళ్లు తిరగకుండానే ఆ చట్టం ఆయన ఇంటి గుమ్మం ముందుకొచ్చింది. 1878 మార్చిలో పెద్ద కూతురు సునీతిని కూచ్ బిహార్ రాజుకిచ్చి చేశాడు. అమ్మాయికి పద్నాలుగు నిండలేదు, అబ్బాయికి పద్దెనిమిది నిండలేదు. పెళ్లి తంతులో హిందూ ఆచారాలూ వచ్చి చేరాయి. దగ్గరి అనుచరులే తట్టుకోలేకపోయారు. ఆ మే నెలలోనే బయటికొచ్చి సాధారణ బ్రహ్మసమాజం పెట్టుకున్నారు. తరువాతి ఏళ్లలో కేశవ్ నవవిధానం ప్రకటించి, నలుగురు శిష్యులకు నాలుగు మతాలు అప్పగించాడు: గౌరగోవింద రాయ్‌కి హిందూ ధర్మం, అఘోరనాథ గుప్తకు బౌద్ధం, ప్రతాపచంద్ర మజుందార్‌కు క్రైస్తవం, గిరీశచంద్ర సేన్‌కు ఇస్లాం. గిరీశచంద్ర అరబ్బీ నేర్చుకుని ఖురాన్‌ను పూర్తిగా బెంగాలీలోకి తెచ్చాడు. ఒక హిందూ కుటుంబంలో పుట్టిన మనిషి ఏళ్ల తరబడి కూర్చుని ఆ పని చేశాడు. మజుందార్ 1893లో చికాగో సర్వమత సభకు వెళ్లాడు. మతాల మధ్య మాట కలిపే పనిలో కేశవ్‌ను మించినవాడు ఆ శతాబ్దంలో లేడనే చెప్పాలి. ఆయనకు కూడా తడబాటు వచ్చింది పెళ్లి దగ్గరే.

తెలుగునాట ఇదంతా రాజమండ్రి మీదుగా వచ్చింది. వీరేశలింగం 1881 డిసెంబరు 11న మొదటి వితంతు వివాహం జరిపించాడు. దానికి ఆధారం వేరే చట్టం, 1856లో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పోరాడి తెప్పించినది. అది మతం వదలమనలేదు. కానీ మళ్లీ పెళ్లాడిన స్త్రీకి చనిపోయిన భర్త ఆస్తిలో హక్కు తీసేసింది. కాకినాడ వ్యాపారి పైడా రామకృష్ణయ్య డబ్బు ఇవ్వకపోతే ఆ పెళ్లిళ్లు సాగేవి కావు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు దొరకలేదు, పురోహితులు దొరకలేదు. చట్టం ఉన్నంత మాత్రాన పెళ్లి జరగదనీ, పక్కన నిలబడే మనుషులు కావాలనీ పంతులు కళ్లారా చూశాడు. సరోజిని పెళ్లికి ఆయన పెద్దగా నిలబడ్డాడంటే దాని వెనక ఈ పదిహేడేళ్ల అనుభవం ఉంది.

ఎనిమిది మతాల ప్రకటనను తీసేయాలని 1911లో భూపేంద్రనాథ్ బసు కేంద్ర శాసనమండలిలో బిల్లు పెట్టాడు. మతం మార్చుకోకుండానే, వదులుకోకుండానే ఎవరైనా ఎవరినైనా పెళ్లాడే వీలు ఉండాలన్నాడు. 1912లో చర్చ జరిగినప్పుడు ఆ బిల్లును సమర్థించిన సభ్యుల్లో మహమ్మదలీ జిన్నా ఒకడు. ఆయన ముస్లింల ప్రతినిధిగా సభలో ఉన్నాడు. షరియాకు విరుద్ధమని తనవాళ్లే అంటారని తెలిసీ సమర్థించాడు. బిల్లు ఓడిపోయింది.

ఆరేళ్లకు ఆ ఓటమి ఆయన జీవితంలోకే వచ్చింది. 1918 ఏప్రిల్‌లో జిన్నా బొంబాయి పార్సీ సంపన్నుడు సర్ దిన్షా పెటిట్ కూతురు రతన్‌బాయిని పెళ్లి చేసుకున్నాడు. 1872 చట్టం కింద చేసుకోవాలంటే ఆయన తాను ముస్లింను కానని రాసివ్వాలి, ఆమె పార్సీని కానని రాసివ్వాలి. అలా రాసిస్తే ముస్లిం నియోజకవర్గం ప్రతినిధిగా ఆయన ఉండగలిగేవాడా? పెళ్లికి ముందు రోజు రతన్‌బాయి ఇస్లాం స్వీకరించింది. పెటిట్ కుటుంబం ఆమెతో తెగతెంపులు చేసుకుంది. బసు బిల్లు నెగ్గి ఉంటే ఆ ఇద్దరూ ఎవరి మతంలో వాళ్లు ఉండి పెళ్లాడి ఉండేవారేమో. పద్దెనిమిదేళ్ల పిల్ల పుట్టింటినీ మతాన్నీ ఒక్కరోజులో పోగొట్టుకోవాల్సి వచ్చింది.

1923లో హరిసింగ్ గౌర్ సగం పని చేయగలిగాడు. ఆయన సవరణతో హిందువులు, బౌద్ధులు, సిక్కులు, జైనులు తమలో తాము ఆ మతాన్ని కాదనకుండానే ఈ చట్టం కింద పెళ్లాడవచ్చు. దానికి పెట్టిన వెల మాత్రం గట్టిదే. అలా చేసుకున్నవాడు ఉమ్మడి కుటుంబం నుంచి విడిపోయినట్టే. దత్తత తీసుకునే హక్కు పోతుంది. ఒక్కడే కొడుకైతే, తండ్రి ఇంకొకరిని దత్తత చేసుకోవచ్చు. కొడుకు బతికుండగానే పోయినట్టు లెక్క. జవహర్‌లాల్ నెహ్రూ చిన్న చెల్లెలు కృష్ణ 1933లో గుజరాతీ జైన కుటుంబానికి చెందిన రాజా హఠీసింగ్‌ను చేసుకున్నది ఈ చట్టం చలవతోనే. ముస్లింలకు, క్రైస్తవులకు, పార్సీలకు ఈ వీలు కూడా రాలేదు. 1942లో ఇందిర, ఫిరోజ్ గాంధీ అలహాబాదులో వేదమంత్రాలతో పెళ్లి చేసుకున్నారు. హిందువు, పార్సీ తమ మతాల్లో ఉంటూ ఒకరినొకరు పెళ్లాడడానికి అప్పటికి ఏ చట్టమూ లేదు.

చట్టం కోసం ఎదురుచూడనివాళ్లూ ఉన్నారు. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగులో వివాహవిధి రాసి, అర్థమయ్యే మాటలతో పెళ్లిళ్లు జరిపించాడు. తరువాత కమ్యూనిస్టు ఊళ్లల్లో దండల పెళ్లిళ్లు వచ్చాయి. తమిళనాట పెరియార్ ఆత్మగౌరవ వివాహాలు మొదలుపెట్టాడు. వాటిని మద్రాసు హైకోర్టు 1953లో చెల్లవంటే, 1967లో అన్నాదురై ప్రభుత్వం హిందూ వివాహ చట్టానికే సవరణ తెచ్చి చెల్లుబాటు చేసింది.

అయితే మతం, పెళ్లి అనే రెండు మాటల మీద ఇద్దరు మనుషులు నిజంగా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుని, ఒకరికోసం ఒకరు మారిన ఉదంతం ఒకటి తెలుగు నేలకు సంబంధించినదే ఉంది. గోరా, గాంధీల కథ అది. గోరా అంటే గోపరాజు రామచంద్రరావు, వృక్షశాస్త్రం చెప్పే అధ్యాపకుడు. నాస్తిక భావాల కారణంగా 1933లో కాకినాడలోనూ, 1939లో మచిలీపట్నంలోనూ ఉద్యోగం పోయింది. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టాడు. 1944లో సేవాగ్రాం వెళ్లి గాంధీని కలిశాడు. ఒకరు రామనామం లేనిదే రోజు గడవని మనిషి. ఇంకొకరు దేవుడు అన్న మాటే అబద్ధమని నమ్మిన మనిషి. అంటరానితనం పోవాలన్న దగ్గర ఇద్దరూ కలిశారు.

గోరా తన పెద్ద కూతురు మనోరమను దళిత యువకుడు అర్జునరావుకిచ్చి చేయాలనుకున్నాడు. గాంధీ ఎంతో సంతోషించి, సేవాగ్రాంలో తానే జరిపిస్తానన్నాడు. అర్జునరావు కొంతకాలం ఆశ్రమంలో ఉన్నాడు. చిక్కల్లా ప్రమాణం దగ్గర. ఆశ్రమం పెళ్లిళ్లలో దేవుడి పేరు మీద ప్రమాణం చేయిస్తారు. నాస్తికుడి ఇంటి పెళ్లిలో అది ఎలా కుదురుతుంది? గాంధీ దేవుడి పేరుకు బదులు సత్యం పేరు మీద ప్రమాణం చేయించడానికి ఒప్పుకున్నాడు. తన నమ్మకాన్ని వదులుకోలేదు, ఎదుటివాడి నమ్మకాన్ని వదలమనలేదు. 1948 జనవరి 30న ఆయన హత్య జరిగింది. ఆ పెళ్లి ఆయన లేకుండానే ఆ ఏడు సేవాగ్రాంలో, ఆయన ఒప్పుకున్న పద్ధతిలోనే జరిగింది. మతసామరస్యం గురించి ఎన్ని తీర్మానాలు చదివినా ఈ ఒక్క సంఘటన చెప్పినంత అవి చెప్పలేవు.

1954లో మెయిన్ అనుకున్న చట్టం ఎనభై ఆరేళ్ల ఆలస్యంగా వచ్చింది. ప్రత్యేక వివాహ చట్టం. 1955 జనవరి 1 నుంచి అమలు. ఎనిమిది మతాల ప్రకటన పోయింది. ఏ మతంవారైనా ఏ మతంవారినైనా, ఎవరి మతంలో వాళ్లు ఉండి పెళ్లాడవచ్చు. ముగ్గురు సాక్షులు, ఒక అధికారి, ఒక ప్రమాణం చాలు. కులం పోవాలంటే కులాంతర వివాహమే అసలు మందు అని 1936లోనే రాసిన అంబేడ్కర్ కోరుకున్న దారి ఇదే. 1948లో ఆయన చేసుకున్న రెండో పెళ్లి కూడా సివిల్ వివాహమే.

కానీ పాత భయాలు కొత్త చట్టంలోకీ వచ్చి కూర్చున్నాయి. 1872 చట్టంలో నోటీసు గడువు పద్నాలుగు రోజులు. స్వతంత్ర భారతం దాన్ని ముప్పై రోజులు చేసింది. ఆ నెల రోజులూ పేర్లు, చిరునామాలు ఆఫీసు గోడ మీద ఉంటాయి, ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. ఇంట్లో చెప్పకుండా వచ్చిన జంటకు ఆ నెల ఎంత పొడవో సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసుల బయట నిలబడ్డవాళ్లకే తెలుసు. చాలామంది ఆ నోటీసుకు భయపడే మతం మార్చుకుని ఆ రోజే అయిపోయే పెళ్లికి వెళతారు. మతం వదలక్కర్లేకుండా చేయడానికి పుట్టిన చట్టం, తన నోటీసుతోనే మతం మారే దారికి మనుషుల్ని తోస్తోంది. అలహాబాదు హైకోర్టు 2021లో ఈ నోటీసు ప్రచురణ జంట ఇష్టమని చెప్పింది. చట్టంలో అక్షరం మాత్రం మారలేదు.

చట్టం మతం వదలక్కర్లేదన్నా మతపెద్దలు ఒప్పుకోని సందర్భాలున్నాయి. గుజరాత్‌లో ఒక పార్సీ మహిళ ఈ చట్టం కిందే హిందువును పెళ్లాడింది. తల్లిదండ్రులు చనిపోతే వాళ్ల అంత్యక్రియలకు రానివ్వరేమోనన్న భయంతో కోర్టుకు వెళ్లింది. పెళ్లితో ఆమె భర్త మతంలో కలిసిపోయినట్టేనని 2012లో హైకోర్టు అంది. 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ వాదన మీద గట్టిగా సందేహం చెప్పాక వల్సాడ్ పార్సీ అంజుమన్ మెత్తబడి, ఆమెను తల్లిదండ్రుల అంత్యక్రియల ప్రార్థనలకు రానిస్తామంది. పెళ్లయినంత మాత్రాన ఒక స్త్రీ నమ్మకం ఆమె భర్తదైపోతుందా? ఇంత చిన్న ప్రశ్నకు అంత పెద్ద కోర్టు కావాల్సి వచ్చింది.

ప్యూ రీసెర్చ్ సెంటర్ మన దేశంలో దాదాపు 30,000 మందిని అడిగి 2021లో వెలువరించిన సర్వేలో, అన్ని మతాలనూ గౌరవించడం నిజమైన భారతీయుడికి చాలా ముఖ్యం అన్నవాళ్లు 84 శాతం. అదే సర్వేలో, తమ స్త్రీలు వేరే మతంవారిని పెళ్లాడకుండా ఆపడం చాలా ముఖ్యం అన్న హిందువులు 67 శాతం, ముస్లింలు 80 శాతం. ఈ అంకెలన్నీ ఒకే మనుషులు ఇచ్చిన జవాబులు. 2022 మే నెలలో హైదరాబాదు సరూర్‌నగర్‌లో, ముస్లిం యువతిని పెళ్లాడిన దళిత యువకుడిని నడిరోడ్డు మీద భార్య కళ్ల ముందే ఆమె అన్న చంపాడు. ఎంపీ అసదుద్దీన్ ఒవైసీ అది రాజ్యాంగం ప్రకారమే కాదు, ఇస్లాం ప్రకారం కూడా ఘోరనేరమని బహిరంగ సభలో ఖండించాడు. అలాంటి మాట ప్రతి మతంలోంచీ, ప్రతిసారీ రావాలి.

ఇప్పుడు అదే రిజిస్ట్రారు బల్ల ముందు ఇంకొందరు నిలబడ్డారు. స్వలింగ జంటలు.

వీళ్ల విషయంలో మతాల మధ్య అరుదైన ఐక్యత కనిపించింది. స్వలింగ సంబంధాలను నేరంగా చూసిన సెక్షన్ 377 మీద 2013 నాటి సుప్రీంకోర్టు కేసులో అఖిల భారత ముస్లిం పర్సనల్ లా బోర్డు, అపోస్తలిక చర్చిల కూటమి, ఒక హిందూ జ్యోతిష్కుడు ఒకే వైపు నిలబడ్డారు. 2023లో వివాహ హక్కు కేసు వచ్చినప్పుడు జమియత్ ఉలమా ఎ హింద్, అఖిల భారతీయ సంత్ సమితి, తెలంగాణ మర్కజీ షియా ఉలేమా కౌన్సిల్ వ్యతిరేకిస్తూ కోర్టుకెక్కాయి. పెళ్లి స్త్రీపురుషుల మధ్యే, సంతానం కోసమే అన్నది వాళ్ల గ్రంథాల నుంచి, నమ్మకం నుంచి వచ్చిన మాట. దాన్ని నమ్మే హక్కు వాళ్లకు పూర్తిగా ఉంది.

అయితే మతం లోపల అందరిదీ ఒకే గొంతు కాదు. గణితంలో అద్భుతాలు చేసిన శకుంతలాదేవి, 1980లో మెదక్‌లో ఇందిరాగాంధీ మీద పోటీచేసిన శకుంతలాదేవే, 1977లో స్వలింగ ప్రేమికుల గురించి ఇంగ్లీషులో ఒక పుస్తకం రాసింది. అందులో శ్రీరంగం ఆలయ అర్చకుడు శ్రీనివాస రాఘవాచారిని కలిసి అడిగింది. ఆయన గత జన్మలో స్త్రీపురుషులుగా ప్రేమించుకున్నవాళ్లే ఈ జన్మలో ఇలా కలిసి ఉంటారన్నాడు. దేహం మారుతుంది, ఆత్మల బంధం మారదని ఆయన భావం. సంప్రదాయం లోపలే కూర్చున్న వైష్ణవ పండితుడి మాట ఇది. 2004లో హిందూయిజం టుడే పత్రిక విలేకరి కుంభమేళాలో సాధువులను ఇదే ప్రశ్న అడిగితే, తప్పన్నవాళ్లూ ఉన్నారు, తప్పులేదన్నవాళ్లూ ఉన్నారు. అఖాడాలోని ఒక మహంత్, హిందూ ధర్మానికి ఒకే నియమావళి లేదని తేల్చేశాడు. ఏ మతానికైనా ఒకరిద్దరు ప్రతినిధులు కోర్టులో చెప్పిందే మొత్తం మతం మాట అనుకోవడం ఆ మతానికే అన్యాయం.

2021 డిసెంబరులో హైదరాబాదు శివార్లలో ఇద్దరు యువకులు, ఒకరు బెంగాలీ, ఒకరు పంజాబీ, బంధుమిత్రుల మధ్య రెండు ఇళ్ల ఆచారాలతో పెళ్లి వేడుక చేసుకున్నారు. మరుసటి ఏడు వాళ్లే సుప్రీంకోర్టుకు వెళ్లారు. సుప్రియో వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా అని పేరుపడిన కేసు అదే. వాళ్లు హిందూ వివాహ చట్టం జోలికి వెళ్లలేదు, ఏ మత ధర్మాన్నీ సవాలు చేయలేదు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద తమకూ చోటివ్వమన్నారు. ఆ చట్టం నాలుగో సెక్షన్ ఏ ఇద్దరు వ్యక్తుల మధ్యనైనా అంటోంది కాబట్టి అందులో తామూ ఉన్నామన్నారు.

2023 అక్టోబరు 17న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. పెళ్లి చేసుకోవడం ప్రాథమిక హక్కు కాదని, ఈ చట్టాన్ని కోర్టు తిరగరాయలేదని అయిదుగురూ అన్నారు. కనీసం సహజీవన బంధానికి చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలని ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్, జస్టిస్ కౌల్ అన్నారు. జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ హిమా కోహ్లీ, జస్టిస్ పి.ఎస్. నరసింహ కుదరదన్నారు. వేర్వేరు మతాల స్త్రీపురుషుల కోసం చేసిన చట్టాన్ని ఇంకొక ప్రయోజనానికి సాగదీయలేమన్నది మెజారిటీ మాట. ట్రాన్స్‌జెండర్ వ్యక్తులు స్త్రీపురుష బంధంలో ఉంటే ఇప్పుడున్న చట్టాల కిందే పెళ్లాడవచ్చని మాత్రం అందరూ ఒప్పుకున్నారు. ఆ దారి 2019లో మద్రాసు హైకోర్టు వేసింది. తూత్తుకుడి గుడిలో జరిగిన ఒక పెళ్లిని రిజిస్ట్రారు నమోదు చేయనంటే, ట్రాన్స్ మహిళ కూడా హిందూ వివాహ చట్టంలో వధువేనని చెప్పింది. 2025 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు కూడా, ట్రాన్స్ మహిళను స్త్రీ కాదని అత్తింటి వేధింపుల నుంచి కాపాడే సెక్షన్ 498ఎ రక్షణ నిరాకరించడం కుదరదంది.

వ్యతిరేకించేవాళ్ల భయానికి చరిత్రలో జవాబుంది. 1868లో మెయిన్ బిల్లు మీద వచ్చిన ఉత్తరాల్లోనూ ఇవే భయాలు: కుటుంబం కూలుతుంది, ధర్మం పోతుంది, ఆస్తి చెదురుతుంది. అప్పటి నుంచి నూటయాభై ఏళ్లు గడిచాయి. ఈ చట్టం ఏ పురోహితుడినీ మంత్రం చదవమనలేదు, ఏ ఖాజీనీ నికా చేయమనలేదు, ఏ పాస్టరునూ ఆశీర్వదించమనలేదు. వాళ్లు వద్దన్నవాళ్లు ప్రభుత్వ బల్ల దగ్గర సంతకం పెట్టి వెళ్లిపోయారు, అంతే. గుడి, మసీదు, చర్చి తమ నియమాలు తాము పెట్టుకోవచ్చు. ప్రభుత్వం పెట్టే బల్ల అందరిదీ. మత బహుళత్వం అంటే ఈ రెండూ పక్కపక్కన ఉండగలగడమే. స్వలింగ జంటలు అడుగుతున్నది ఆ బల్ల దగ్గర చోటే గానీ గర్భగుడిలో చోటు కాదు. దాన్ని కాదనడానికి ఏ మతానికీ అధికారం లేదు.

పొరుగున ఇది జరుగుతోంది. నేపాల్ 2023 నవంబరులో ఇలాంటి మొదటి పెళ్లిని నమోదు చేసింది. బౌద్ధులు ఎక్కువగా ఉన్న థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి చట్టమే ఉంది.

మన దగ్గర కోర్టు దారి మూసుకుపోయినట్టే. 2025 జనవరి 9న పునఃసమీక్ష పిటిషన్లను సుప్రీంకోర్టు కొట్టేసింది. క్యాబినెట్ కార్యదర్శి అధ్యక్షతన వేసిన కమిటీ తరువాత, ఉమ్మడి బ్యాంకు ఖాతాకు అడ్డు లేదని, రేషన్ కార్డులో ఒకే కుటుంబంగా చూడొచ్చని 2024లో కేంద్రం ఉత్తరువులిచ్చింది. ఆసుపత్రిలో సంతకం, వారసత్వం, పింఛను, దత్తత ఇంకా అందలేదు. ఇక చేయాల్సింది పార్లమెంటు. 1872, 1923, 1954లో కదిలింది కూడా చట్టసభే. ప్రతిసారీ బయట కొందరు అడిగీ అడిగీ కదిలించారు. రెండు తెలుగు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఉన్నారు. ముప్పై రోజుల నోటీసు మీద, స్వలింగ జంటల హక్కు మీద మీ అభిప్రాయమేమిటని మీ నియోజకవర్గపు సభ్యుడిని ఒక్కసారి అడగండి. వచ్చిన జవాబును మీ వీధిలోని పూజారికి, ఇమాముకు, పాస్టరుకు చెప్పి, వాళ్లేమంటారో కూడా వినండి.